నివ్వరి సరస్సు దగ్గర ఒక తగువు

నేను ఎనిమిదో తరగతితో చదువు ఆపేసినవాణ్ణి. లెక్కల మాస్టారికీ నాకూ పడలేదు. ఇద్దరిలో ఒకళ్ళు బడి వదిలి వెళ్ళాల్సి వచ్చింది, ఆయన వయసుకి గౌరవమిచ్చి నేనే వెళ్ళాను. కాబట్టి ఇందులో చదువుకున్నవాళ్ళ మాటలేమైనా కనబడితే అవి నావి కావు, ఎక్కడో విని పట్టుకొచ్చినవి.

ఇప్పుడు రిటైరయ్యి షామ్‌బర్గ్‌లో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. శనివారం వస్తే అల్లుడి ఫ్రెండ్స్ దిగుతారు. అందరూ సాఫ్ట్‌వేరే. నేను మిరపకాయ బజ్జీలు వేస్తుంటాను, వాళ్ళు సోఫాలో కూర్చుని ఏడుస్తుంటారు.

"అంకుల్, మళ్ళీ ఆర్‌ఎఫ్‌ఈ వచ్చింది. ఇంకా ఎవిడెన్స్ కావాలట."

"అంకుల్, నా గ్రీన్‌కార్డు డేట్ కరెంట్ అయ్యేసరికి నేను రిటైర్ అయిపోతా."

"ఒరేయ్ నాయనా," అంటాను, "మీరు ఇక్కడ ఉండనివ్వమని అడుగుతున్నారు. నేను పనిచేసిన చోట, మీరందరూ రాకముందు నుంచీ ఇక్కడే ఉన్నవాళ్ళు, 'మేం ఉన్నాం' అని ఒప్పుకోమని అడిగారు. వాళ్ళక్కూడా ఇంకా ఎవిడెన్స్ కావాలనే అన్నారు."

అప్పుడు ఫోన్లలోంచి తలలు లేస్తాయి. బజ్జీలు చల్లారేలోపు చెప్పేస్తాను. మీకూ అలాగే చెప్తాను.

అమెరికాకి నేను తెలివితేటల మీద రాలేదు, అక్క మీద వచ్చాను. అక్కకి సిటిజన్‌షిప్ వచ్చాక తమ్ముణ్ణి స్పాన్సర్ చేసింది. బావకి మిన్నెసోటా పైభాగంలో, కెనడా దగ్గర్లో, ఒక మోటెల్ ఉండేది. అక్కడ ఏడాదికి రెండే రుతువులు. ఒకటి మంచు, రెండు దోమలు. బావ దగ్గర నేను క్లర్కుని, ప్లంబర్ని, చాకలిని. మేనేజర్ మాత్రం బావే.

ఆ మోటెల్ బ్రేక్‌ఫాస్ట్ రూములో అప్పుడప్పుడు మీటింగులు పెట్టుకునేవాళ్ళు ఒక చిన్న చిప్పెవా తెగవాళ్ళు, అంటే అమెరికా ఇండియన్లు. వాళ్ళకి ఎన్నికైన ఛైర్‌పర్సన్ ఒకావిడ. నలభై దాటిన మనిషి, కాలేజీ చదివి, సిటీలో ఉద్యోగం చేసి, వదిలేసి ఊరికొచ్చేసింది. నేను కాఫీ పోస్తుంటే ఒకరోజు అడిగింది.

"నీకు డ్రైవింగ్ వచ్చా? మా ముసలాళ్ళని ఆసుపత్రికి తిప్పడానికి వ్యాను డ్రైవర్ కావాలి."

"బెజవాడలో లారీ నడిపానండీ."

"మంచులో నడిపావా?"

"మంచు తెలీదండీ. గేదెలు అడ్డమొస్తే ఆపడం తెలుసు."

"ఇక్కడ జింకలు అడ్డమొస్తాయి."

"జింక నయమండీ. గేదె హారన్ కొట్టినా మనకేసే చూస్తుంది."

ఉద్యోగం వచ్చేసింది. నాకు ఉద్యోగం ఇచ్చినవాళ్ళూ ఇండియన్లే, నేనూ ఇండియన్నే. ఆ జోకు మొదటి వారంలోనే అందరం తలా ఒకసారి వేసుకుని పక్కన పడేశాం. మీరూ ఒకసారి వేసేసుకోండి, ఆగుతాను.

సరే. అసలు గొడవేంటంటే, అమెరికాలో తెగని వాషింగ్టన్ గుర్తిస్తే అది దేశంలో దేశం. సొంత పోలీసు, సొంత కోర్టు, సొంత క్లినిక్, కార్లకి సొంత నంబర్ ప్లేటు. మావాళ్ళకి అవేవీ లేవు. ఎప్పుడో తాతల కాలంలో ఎవడో దొర కాగితం మీద గీత గీస్తూ, మావాళ్ళని గంటన్నర దూరంలో ఉన్న ఇంకో పెద్ద చిప్పెవా తెగలో కలిపేశాడు. గీసినవాడు వెళ్ళి భోంచేసి ఉంటాడు. వీళ్ళు మాత్రం "మేం వేరు, మా పెద్దలు వేరు, మా సరస్సు వేరు" అని అప్పట్నుంచీ చెప్తూనే ఉన్నారు. పెద్ద తెగవాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. "వేరేమిట్రా, మనం మనం ఒకటి. వచ్చి మా తెగ కార్డు తీసుకోండి, క్లినిక్‌లో మందులిస్తాం" అనేవాళ్ళు. చాలామంది కుర్రాళ్ళు తీసుకున్నారు కూడా. తిరకాసు అక్కడే ఉంది. ఎంతమంది ఆ కార్డు తీసుకుంటే, వాషింగ్టన్ లెక్కలో వీళ్ళు అంత తక్కువ వేరు.

కార్డు తీసుకోనివాళ్ళలో మొదటివాడు ఛైర్‌పర్సన్‌కి మేనమామ. తల్లి పోతే ఆవిణ్ణి పెంచింది ఆయనే. కిడ్నీలు పాడైపోయాయి, వారానికి మూడుసార్లు డయాలసిస్. ఉన్నవాటిలో పెద్ద తెగ క్లినిక్కే దగ్గర, అక్కడైతే అన్నీ చూసుకునేవాళ్ళు. ఈయన కోసం నేను దాన్ని దాటుకుని ఇంకా అంత దూరం కౌంటీ ఆసుపత్రికి తీసుకెళ్ళేవాణ్ణి. క్లినిక్ బోర్డు కనబడగానే ఆయన కిటికీ అవతలి వైపు చూసేవాడు.

"పెద్దాయనా," అన్నాను ఒకసారి, "ఆ కార్డు తీసుకుంటే పోలా? ప్రాణం కంటేనా?"

నేను చెప్పీ చెప్పీ ఆయనకి మన దేశంలో ఎవరెవరున్నారో కొంచెం తెలిసింది. "నువ్వు తెలుగువాడివి. 'నేను తమిళుణ్ణి' అని సంతకం పెడితే మందిస్తానంటే పెడతావా?"

"జ్వరానికైతే పెట్టనండీ. పంటినొప్పికైతే అక్కడే నిలబడి తమిళంలో ఏడుస్తాను."

దగ్గొచ్చేదాకా నవ్వాడు. "అందుకే నువ్వు డ్రైవరువి," అన్నాడు.

మరి ఆయనెవరు అంటే, సరస్సు పెద్ద. ఇది చెప్పకపోతే మీకు తర్వాతది అర్థం కాదు. ఆ ఊరి సరస్సులో నీళ్ళలో వాటంతటవే మొలిచే వడ్లు పండుతాయి. మా ఊళ్ళో చెరువు గట్టున మొలిస్తే నివ్వరి అనేవాళ్ళం, దాదాపు అలాంటివే. గింజ మాత్రం నల్లగా, పొడుగ్గా ఉంటుంది. ఆగస్టు చివర్లో చిన్న పడవల్లో ఇద్దరిద్దరు వెళ్తారు. ఒకళ్ళు గడ వేస్తారు, రెండోవాళ్ళు రెండు కర్రలతో కంకుల్ని వంచి మెల్లగా తడితే గింజలు పడవలో రాలతాయి. ఒకరోజు ముందు వెళ్తే పచ్చివి, ఒకరోజు ఆగితే గాలికి నీళ్ళపాలు. ఏ రోజు వెళ్ళాలో సరస్సు పెద్ద చెప్తాడు. ఆయన చెప్పేదాకా ఎవరూ పడవ దింపరు. మా వైపు ఇలాంటి పద్ధతి పెట్టి చూడండి! పక్క పొలంవాడు కొడవలి తీశాడని వినబడితే చాలు, పచ్చిదో పండుదో మనమూ కోసేస్తాం.

నేను చేరిన కొన్నేళ్ళకి, ఇంకా మడతపెట్టే ఫోన్లున్న రోజుల్లో, కబురొచ్చింది. వాషింగ్టన్ నుంచి ఒక మేడమ్ వస్తోంది. ఐదు రోజులుంటుంది, చూస్తుంది, వీళ్ళు నిజంగా వేరే తెగేనా కాదా రాసుకుంటుంది. తెగ తరఫున షికాగో లాయరు ఒకాయన ముందే దిగి, కమ్యూనిటీ హాల్లో అందర్నీ కూర్చోబెట్టాడు.

"ఆవిడకి ఒక జాతి కనబడాలి," అన్నాడు. "ఒకే మాట, ఒకే మనసు. ఎవరూ గొడవపడకూడదు. బింగో ఆడే హాలు పైకప్పు కారిన సంగతి ఎత్తకూడదు. మీ ఇద్దరక్కచెల్లెళ్ళూ," అని చివరి వరుస కేసి చూశాడు, "ఆ ఐదు రోజులైనా పక్కపక్కన కూర్చోండి."

"దానికి చెప్పండి," అంది అక్క.

"దానికే చెప్పమనండి," అంది చెల్లెలు.

వాళ్ళ మధ్య మాటల్లేక అప్పటికే చాలా ఏళ్ళు. వ్యానులో ఒకర్ని ముందు, ఒకర్ని వెనక కూర్చోబెట్టి, నడుమ ఆలుగడ్డల బస్తా పెట్టేవాణ్ణి. తర్వాత లాయరు అందరికీ ఒకే రంగు టీషర్టులు పంచాడు. అప్పుడు నాకు భయమేసింది. టీషర్టులు పంచిన ఏ తెలుగు సంఘమూ ఆ ఏడాది చివరికి ఒకటిగా మిగలడం నేను చూడలేదు.

మేడమ్ వచ్చింది. సన్నగా, పెద్ద టోపీ, ఎప్పుడూ చేతిలో పెన్ను. మా బావ మోటెల్‌లోనే దిగింది, తిప్పడం నా పని. మూడు రోజులు ఊరంతా నెయ్యి పోసినట్టు నున్నగా ఉంది. ఎవర్నడిగినా ఒకటే జవాబు. ఇక్కడ ఎవరు నిర్ణయిస్తారు? అందరం కలిసే. ఎప్పుడైనా తేడాలొస్తాయా? అబ్బే. అక్కచెల్లెళ్ళు పక్కపక్కన కూర్చుని నవ్వారు. ఆ నవ్వు చూస్తే పసిపిల్లలు జడుసుకుంటారు. నేను కూడా వ్యానులో నా వంతు వేశాను. "మేడమ్, ఇంత సఖ్యంగా ఉండే జనాన్ని నేనెక్కడా చూడలేదు." అది మాత్రం నిజం. నేనూ అక్కడ చూడటం అదే మొదలు.

మూడో రోజు మోటెల్‌కి వెళ్తుంటే మేడమ్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

"డ్రైవర్, నాకో బాధ. అందరూ అన్నిటికీ సరేనంటే ఇక ఎవరి మాట ఎవరు విన్నట్టు? ఇలా మంచిగా ఉండటం బస్టాపులో నిలబడ్డవాళ్ళు కూడా చేస్తారు. దాన్ని తెగ అని నేను రాయలేను."

జింక కూడా అడ్డం రాలేదు, మాట మార్చడానికి.

నాలుగో రోజు పొద్దున్న అసలు ప్రదర్శన. సరస్సు ఒడ్డున పడవలు వరసగా పెట్టారు. డోలు వాయించేవాళ్ళు, టీషర్టులు, ఫోటోలు తీసేవాడు, లాయరు, పెన్నుతో మేడమ్. ఛైర్‌పర్సన్ సైగ చెయ్యగానే పడవలన్నీ ఒక్కసారి నీళ్ళలోకి వెళ్ళాలి, మేడమ్ చూడాలి. పెద్దాయన్ని నేనే తీసుకొచ్చాను. ముందురోజు డయాలసిస్ అయ్యింది, మొహం పిండి రంగులో ఉంది. ఒక పడవలో కూర్చోబెట్టి లోపలికి తీసుకెళ్ళారు. కంకుల్ని అరచేత్తో ఒకసారి నిమిరాడు. చెయ్యి తెరిచి చూసుకున్నాడు. వెనక్కొచ్చాడు.

"ఇవాళ కాదు," అన్నాడు.

డోలు ఆగింది. మేనకోడలు దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అంది, "మావయ్యా, ఆవిడ రేపు వెళ్ళిపోతోంది."

"వెళ్ళనీ. గింజ టిక్కెట్టు బుక్ చేసుకోలేదుగా."

"పోనీ, ఫోటోకి రెండు పడవలు."

"ఫోటోకి గింజ పండదు."

"రేపు గాలివాన అంటున్నాడు రేడియోలో!"

"రేడియోవాడు వచ్చి నిమిరి చూశాడా?"

అంతే. ఆవిడ గొంతు ఇక తగ్గలేదు.

"పోయినేడూ ఇలాగే ఆపావు, సగం సరస్సు పాలైంది! నీకు నీ మాటే. ఆ కార్డు తీసుకోవు. క్లినిక్ గుమ్మం తొక్కవు. పేషెంటువా, రాజువా? ఇదంతా ఎవరికోసం చేస్తున్నాననుకున్నావు? నువ్వుండగా మన క్లినిక్ గుమ్మంలో నిన్ను ఒక్కసారి దింపాలని! ఒక్కరోజు, ఒక్కరోజు నా మాట వింటే నీ సొమ్మేం పోతుంది?"

పెద్దాయన అరచెయ్యి ఆమె ముందు తెరిచాడు. "గింజ పచ్చిగా ఉందే," అన్నాడు మెత్తగా.

ఇక గొడవకి గేట్లు తెరుచుకున్నాయి. ఛైర్‌పర్సన్ పక్షం వాళ్ళు ముసలాడికి చాదస్తమన్నారు. పెద్దాయన పక్షం వాళ్ళు కాలేజీలో సరస్సు గురించి చెప్పరన్నారు. ఎవడో బింగో హాలు కప్పు ఎత్తాడు. కప్పు వేయించింది ఎవడు, కారుతుంటే కళ్ళు మూసుకున్నది ఎవడు! అక్క లేచి చెల్లెలికి ఇన్నేళ్ళ మాటలూ ఒక్కసారే చెప్పింది. లాయరు రెండు చేతులూ ఎత్తి "ప్లీజ్, ప్లీజ్" అంటూ నడుమ తిరుగుతున్నాడు, టీషర్టు మీద జాతి ఐక్యత బొమ్మతో. నాకు మాత్రం కళ్ళు చెమ్మగిల్లాయి. ఇన్నేళ్ళ తర్వాత ఇంటి దగ్గర ఉన్నట్టనిపించింది.

మేడమ్ ఒక్కతే మాట్లాడటం లేదు. ఆవిడ పడవలకేసి చూస్తోంది. అందరికంటే గట్టిగా అరుస్తున్న లావాటి మనిషి ఒకడున్నాడు, తన పడవ అంచు మీదే కూర్చుని అరుస్తున్నాడు. ఆవిడ వెళ్ళి అతన్నడిగింది.

"ఆయన చెప్పింది తప్పంటారా?"

"నూటికి నూరుపాళ్ళు తప్పు. మొండి ముసలాడు."

"మరి మీరు వెళ్ళొచ్చుగా? పడవ మీది. నీళ్ళు ఇక్కడే ఉన్నాయి."

అతను ఆవిడకేసి, కారుకి నీళ్ళు పోసి నడపమన్నవాణ్ణి చూసినట్టు చూశాడు.

"ఆయన వద్దన్నాడు కదమ్మా."

"తప్పన్నారుగా?"

"తప్పే. కానీ వద్దన్నాడుగా!"

మేడమ్ చుట్టూ చూసింది. అంత రభసలోనూ ఒక్క పడవ తడవలేదు. ఆవిడ అక్కడే గడ్డిలో కూర్చుని రాయడం మొదలుపెట్టింది. లాయరు పరిగెత్తుకెళ్ళి క్షమాపణలు మొదలెట్టాడు.

"చెప్పకండి," అందావిడ తలెత్తకుండా. "నాలుగు రోజుల్లో మీరు నాకు కనబడింది ఇప్పుడే."

చదువుకున్నవాడు కదా, లాయరుకి గబుక్కున అర్థమైంది. సాయంత్రానికి హాల్లో మళ్ళీ అందర్నీ కూర్చోబెట్టాడు. "ఇంకెవరికైనా తగువులున్నాయా? పాతవైనా ఫర్వాలేదు. మేడమ్ రేపు మధ్యాహ్నం దాకా ఉంటారు, లైన్లో రండి."

ఒక్కడు లేస్తే ఒట్టు. బింగో హాలు కప్పు గురించి కొట్లాడినవాళ్ళిద్దరూ భుజాల మీద చేతులేసుకుని కూర్చున్నారు. అక్కచెల్లెళ్ళు పొద్దున్న తిట్టుకున్న ఊపులో ఏడ్చేసి కలిసిపోయారట, ఒకే పళ్ళెంలో తింటున్నారు.

"మీ ఇద్దరి మధ్యా ఎన్నో ఏళ్ళుగా..." అన్నాడు లాయరు ఆశగా.

"మా ఇంటి సంగతి నీకెందుకయ్యా?" అన్నారు ఇద్దరూ కలిసి.

మేడమ్ వెళ్ళిన రోజు గాలివాన వచ్చింది. మీరు పెద్దాయన మాటే నిజమైందని ఎదురుచూస్తున్నారేమో, ఏం కాలేదు. రేడియోవాడే గెలిచాడు. మూడోవంతు గింజ నీళ్ళపాలు. మిగతాది తెచ్చుకుని, చలికాలమంతా ఆయన్ని తిట్టుకుంటూ వండుకు తిన్నారు. "పోయినేటికంటే తక్కువే పోయింది," అన్నాడాయన వ్యానులో, ఏ మాత్రం సిగ్గు లేకుండా.

తర్వాత ఎదురుచూపు. మీకు దాని గురించి నేను చెప్పక్కర్లేదు. కొన్ని చలికాలాలు గడిచాయి. ఒక చలికాలంలో పెద్దాయన ఆసుపత్రి నుంచి వస్తూ, దారిలో మేనకోడల్ని వ్యాను ఎక్కించమన్నాడు. తన కంకులు తట్టే కర్రలు రెండూ ఆవిడ ఒళ్ళో పెట్టాడు.

"నాకెందుకు? నాకు నిమిరితే తెలియదు," అందావిడ.

"తెలుస్తుంది. నన్నంత గట్టిగా తిట్టినవాళ్ళు ఇంకెవరున్నారు?"

ఆ మంచు కరక్కుండానే పోయాడు. పెద్ద తెగ క్లినిక్ బోర్డు దాటుకుని ఆయన్ని తీసుకొచ్చింది కూడా నేనే. వెనకసీట్లో ఆవిడ. బోర్డు వచ్చినప్పుడు ఆవిడ కిటికీ అవతలి వైపు చూసింది.

మన రాష్ట్రం రెండైన ఏడాది వాషింగ్టన్ తీర్పొచ్చింది. షామ్‌బర్గ్‌లో మనవాళ్ళు కొన్నిళ్ళలో కేకులు కోస్తున్నారట, ఇంకొన్నిళ్ళలో తలుపులేసుకున్నారట. అక్కడ మా హాల్లో మేమందరం ఫోను చుట్టూ కూర్చున్నాం. షికాగో నుంచి లాయరు స్పీకర్‌లో చదివాడు. సరస్సు ఒడ్డున జరిగిన తగువు గురించి పేజీలకి పేజీలు రాసిందట మేడమ్. అధికారం ఎలా ఉంటుందో ఇంత చక్కగా మరెక్కడా కనబడలేదని. కాబట్టి ఇప్పటి కాలానికి వీళ్ళు నిస్సందేహంగా తెగే. కానీ తాతల కాలంలో, ఒక తరంపాటు, వీళ్ళు ఒకరి మాట ఒకరు విన్నట్టూ, ఒకరితో ఒకరు తగువు పడ్డట్టూ చాలినంత ఆధారం లేదు. నడుమ తెగింది కాబట్టి గుర్తింపు లేదు.

"తగువు పడలేదా!" అన్నాడు ఆ లావాటి మనిషి. "మా తాత మా చిన్నతాత ముక్కు పగలగొట్టాడు!"

"దానికి ఆధారం ఉందా?" అంది ఫోను.

"ముక్కుంది. శ్మశానంలో."

నేను మన సంఘాల గురించి ఆలోచించాను. మనం కుర్చీ విసిరితే వీడియో ఉంటుంది, తిడితే ఈమెయిల్ ఉంటుంది, చీలితే రెండు వెబ్‌సైట్లుంటాయి. పాపం వీళ్ళ తాతలకి ముందుచూపు లేదు, కొట్టుకుని ఇంటికెళ్ళి పడుకున్నారు.

ఛైర్‌పర్సన్ నవ్వలేదు. "ఆయన్ని ఒక్కసారి దింపాలనుకున్నాను," అంది నాతో, వ్యాను తాళం చేతిలోకి తీసుకుని. మళ్ళీ నాకే ఇచ్చేసింది.

ఆ ఆగస్టు నాకు ఉద్యోగంలో చివరిది. ఆవిణ్ణి సరస్సుకి తీసుకెళ్ళాను. మేం వెళ్ళేసరికి ఒడ్డున అప్పటికే మూడు ట్రక్కులున్నాయి. పెద్ద తెగవి, సొంత నంబర్ ప్లేట్లతో, వెనక పడవలతో. కాగితం ప్రకారం ఆ సరస్సు హక్కు వాళ్ళదే, ఇప్పుడు తీర్పు కూడా వాళ్ళ వైపే. వాళ్ళ అధికారి ఒకడు, జాకెట్టు మీద బ్యాడ్జీతో, పడవలు దింపకుండా నిలబడి ఉన్నాడు.

ఆవిడ అతనితో మాట్లాడలేదు. పడవెక్కి లోపలికి వెళ్ళింది. కంకుల్ని అరచేత్తో నిమిరింది, చెయ్యి తెరిచి చూసుకుంది, వచ్చింది. నాకు ఒడ్డు నుంచి చూస్తుంటే గింజలు పండినట్టే ఉన్నాయి. అయినా నేను డ్రైవర్ని.

"ఇవాళ కాదు," అంది.

బ్యాడ్జీ అతను సరస్సు కేసి చూశాడు, ఆకాశం కేసి చూశాడు. టోపీ తీసి తల గోక్కున్నాడు. వెనక్కి తిరిగి తనవాళ్ళకి చెయ్యి ఊపాడు. ట్రక్కులు ఒక్కొక్కటే స్టార్టయ్యాయి.

"మరి రేపు దింపమంటారా?" అన్నాడు పోతూ పోతూ.

"రేపు రా," అందావిడ. "వచ్చి అడుగు."